మొగ తెరిచి ఉంటేనే సరస్సు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో వార్డెన్ల క్రమశిక్షణ గురించి, మెస్‌లో ఆదివారం కోడిగుడ్డు గురించి, పదో తరగతి పరీక్షల ముందు తెల్లవారుజామున లేచి చదివిన చదువుల గురించి ఎవరో ఒకరు చక్కగా రాస్తూనే ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి ఎంచుకున్నాను. మన ఊరి నుంచి బయలుదేరే ఒక రోడ్డు చివర ఏముందో చెబుతాను. అక్కడ ఒక ఉప్పునీటి సరస్సు ఉంది. అది సముద్రంతో పాటే ఊపిరి తీస్తుంది, సముద్రానికి దారి మూసుకుపోతే ఎండిపోతుంది. దాన్ని నమ్ముకున్న కుటుంబాల బతుకు కూడా అంతే. ఆ సరస్సు ఒడ్డున పంతులుగా పనిచేసిన మన హాస్టల్ పిల్లవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

"పూతలపట్టు-నాయుడుపేట రోడ్డు" అనే మాట మీరు పేపర్లలో చూస్తూనే ఉంటారు. ఆ రోడ్డు మన దగ్గర మొదలై తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరుతుంది. అక్కడ చెన్నై-కోల్‌కతా హైవే ఎక్కి దక్షిణంగా వస్తే దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ వస్తాయి. వాటికి తూర్పున పరుచుకుని ఉన్నదే పులికాట్ సరస్సు. రోడ్డే కాదు, ఒక ఏరు కూడా మన పక్క నుంచి అటే పోతుంది. మన పొరుగున పాకాల దగ్గరి కొండల్లో పుట్టే స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటలను దాటి, వాకాడు దగ్గర పులికాట్ ఉత్తరపు కొసకు పొరుగునే బంగాళాఖాతంలో కలుస్తుంది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కనుక ఈ సరస్సును ఇప్పుడు పరాయిది అనుకోవడానికి కూడా వీల్లేదు.

నేను మన హాస్టల్‌లో ఉండి 1998లో పదో తరగతి పాసయ్యాను. ఇంటర్, డిగ్రీ, బి.ఇడి. అయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. మామిడి తోటలు, చెరకు తోటలు, బెల్లం గానుగలు, ఎండిన చెరువులు, ఇదే నా ప్రపంచం. సముద్రమంటే అట్లాసులో నీలం రంగు వేసిన జాగా. డి.ఎస్.సి.లో ఓపెన్ కోటాలో అప్పటి నెల్లూరు జిల్లాలో సాంఘిక శాస్త్రం టీచరుగా ఉద్యోగం వచ్చింది. సరస్సు ఉత్తరం వైపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో బడి.

చేరిన రోజు సాయంత్రం సరస్సు చూద్దామని పోతే నాకు కనిపించింది బురద. కంటికి ఆనినంత దూరం నల్లటి బురద, మధ్యలో పాముల్లాగా మెలికలు తిరిగిన సన్నటి కాలువలు, అక్కడక్కడ ఎర్రబారిన గుబురు మొక్కలు, కుళ్లిన గుడ్డు వాసన. ఒక యానాది పెద్దాయన గట్టు మీద కూర్చుని వల సరిచేసుకుంటున్నాడు. "సరస్సు ఎక్కడ తాతా?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "పోటు దిగింది సారూ, చీకటి పడేలోపల మళ్లా వస్తాది" అన్నాడు. నిజంగానే చీకటి పడే వేళకు ఆ కాలువలు నిండి, బురద మీదికి నీళ్లు పల్చగా పరుచుకున్నాయి. చప్పుడు లేదు, అల లేదు. నేల మాయమైపోయింది.

నీరు ఎక్కడాన్ని పోటు అంటారు, దిగడాన్ని ఆటు అంటారు. చంద్రుడు, సూర్యుడు సముద్రాన్ని లాగడం వల్ల ఇవి వస్తాయని మన పాఠాల్లో చదువుకున్నాం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉండి లాగుతారు కాబట్టి పోటు పెద్దది. అష్టమి నాటికి చిన్నది. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో నీరు 10 మీటర్ల దాకా లేస్తుంది. చెన్నై, నెల్లూరు తీరంలో మహా అయితే ఒక మీటరు. కానీ పులికాట్ చుట్టూ నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. సరస్సు సగటు లోతు కూడా మీటరు చుట్టుపక్కలే. కాబట్టి జానెడు నీళ్లు లేచినా ఎంతో దూరం నేల తడుస్తుంది. అలా రోజూ ఉప్పునీరు ఎక్కిదిగే బురద నేలను కోస్తాలో పర్ర అంటారు.

ఈ సరస్సు మొదటి నుంచీ ఉన్నది కాదు. సుమారు 20,000 ఏళ్ల కిందట భూమి మీద మంచు ఎక్కువగా ఉన్న కాలంలో సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పుడు తీరం ఇంకా తూర్పున ఎక్కడో ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం పైకి వచ్చి, 7,000 ఏళ్ల కిందటికి దాదాపు ఇప్పటి మట్టానికి చేరింది. తర్వాత అలలు తీరం వెంబడి ఇసుకను తోసి గట్లు గట్లుగా పోశాయి. ఒక పొడవాటి ఇసుక దిబ్బ వెనక సముద్రపు నీరు చిక్కుకుపోయింది. ఆ చిక్కుకున్న నీరే పులికాట్. ఆ ఇసుక దిబ్బే ఇవాళ రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. అరణి, కాళంగి వంటి ఏళ్లు పడమటి నుంచి మంచినీళ్లు, ఒండ్రు మట్టి తెచ్చి పోస్తున్నాయి. తూర్పు నుంచి సముద్రం ఉప్పునీరు తెస్తోంది. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇలా తయారైంది. దానిలో ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి.

ఇక బురద నేల ఎలా పెరుగుతుందో చెబుతాను. మన హాస్టల్‌లో వానాకాలం తొట్టిలోకి ఎర్రనీళ్లు వస్తే పటిక ముక్క తిప్పేవాళ్లం, గుర్తుందా? కాసేపటికి మట్టి గుంపులు కట్టి అడుక్కి చేరేది. ఉప్పునీరు కూడా దాదాపు అదే పని చేస్తుంది. ఏటి నీటిలో తేలివచ్చే మెత్తటి మట్టి రేణువులు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఉప్పు తగిలితే ఆ నెట్టుడు తగ్గి, అంటుకుని, బరువెక్కి కిందికి దిగుతాయి. పోటు పూర్తిగా ఎక్కి, ఇంకా దిగడం మొదలుపెట్టని కొద్ది నిమిషాలు నీరు కదలకుండా నిలబడుతుంది. ఆ నిమిషాల్లోనే మట్టి పేరుకుంటుంది. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి కాగితం మందం కూడా ఉండదు. ఆ మట్టి మీద పాచి పొర కట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే బురద నేల కొంచెం కొంచెం పైకి లేస్తుంది.

నేల కొంత లేచాక మొదటి మొక్క వస్తుంది. ఇలకూర వంటి ఉప్పును తట్టుకునే చిన్న మొక్కలు ముందు నాటుకుంటాయి. వాటి ఆకులు కండగా ఉంటాయి, నమిలితే ఉప్పగా ఉంటాయి. పేదవాళ్లు కూర వండుకుంటారు కూడా. ఈ మొక్కల కాడలు నీటి వేగాన్ని తగ్గిస్తాయి. వేగం తగ్గితే మరింత మట్టి దిగుతుంది. మట్టి పెరిగితే మరిన్ని మొక్కలు వస్తాయి. వేర్లు మట్టిని కట్టిపడేస్తాయి. నీరు ఇంకా ఎక్కువగా నిలిచే చోట, మంచినీరు కూడా తగిలే చోట మడ చెట్లు పెరుగుతాయి. గోదావరి నోట్లో కోరింగ దగ్గర ఈ మడ చెట్లు పెద్ద అడవినే పెంచాయి. ఆటు దిగేటప్పుడు నీరు కోసుకుంటూ పోయే దారులే ఆ మెలికల కాలువలు. ఎక్కడ నీరు తిరిగి పోలేక గుంటల్లో నిలిచి ఎండుతుందో అక్కడ ఉప్పు తెల్లగా పేరుకుని మొక్క మొలవదు. మన పొలాల్లో చవుడు తేలిన చోట ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

ఇంత బురద వల్ల ఏం లాభం అని నా బడి పిల్లల్ని అడిగితే, నాకంటే వాళ్లే బాగా చెప్పారు. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల రొయ్యలు పోటుతో పాటు సరస్సులోకి వచ్చి ఈ మొక్కల వేళ్ల మధ్య పెద్ద చేపల నోట పడకుండా పెరుగుతాయి. పెద్దయ్యాక మళ్లీ సముద్రానికి పోతాయి. పాలబొంత చేప పిల్లలూ ఇలాగే వస్తాయి. మండపీతలు ఇక్కడే తిని బలుస్తాయి. అంటే ఈ పర్ర సముద్రానికి హాస్టల్ లాంటిది. ఎక్కడో పుట్టిన పిల్లలు వచ్చి, ఇక్కడ తిని పెరిగి, మళ్లీ వెళ్లిపోతారు. ఈ మాట తరగతిలో చెబితే పిల్లలు ఒకటే నవ్వు.

చలికాలంలో వేలాది ఫ్లెమింగోలు ఇక్కడికి వస్తాయి. తలకిందులుగా ముక్కు పెట్టి బురదనీటిలోని పాచిని, సన్నటి పురుగులను వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే. మన పూతలపట్టు లాగే పేరు చివర "పట్టు" ఉన్న నేలపట్టు అక్కడికి దగ్గరే. ఆ చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి, మేతకు పులికాట్‌కు వస్తాయి. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ ఈ పక్షుల పేరు మీదే.

పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక్కోసారి మనుషులు కనిపించరు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా యానాదులు బతికారు. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంపిక చేశాక చాలా కుటుంబాలు వేరే చోట్లకు కదలాల్సి వచ్చింది. వల, పడవ కొనే స్తోమత లేనివాళ్లు చేతులతోనే రొయ్యలు పడతారు. మోకాటి లోతు నీళ్లలో ఆడవాళ్లు వంగి, బురదలో చేతులు పెట్టి తడుముతూ గంటల తరబడి నడుస్తారు. పట్టినదాన్ని నడుముకో మెడకో కట్టుకున్న బుట్టలో వేసుకుంటారు. నీరు మోకాటి లోతు ఉంటేనే ఆ పని. ఎక్కువైనా కుదరదు, ఎండిపోయినా కుదరదు. నా తరగతిలో సగం మంది పిల్లల ఇంట్లో పొయ్యి ఈ పని మీదే వెలిగేది.

పాఠం పుస్తకంలోనే ఉండిపోకూడదని ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పని మొదలుపెట్టాను. బడికి దగ్గరలో ఉన్న కాలువలో ఒక సరుగుడు కర్ర పాతించి, దాని మీద జానెడుకొక ఎర్ర గీత, మధ్యలో బెత్తెడుకొక నల్ల గీత పెయింటుతో వేయించాను. రోజూ బడి వేళల్లో నీరు ఏ గీత దాకా వచ్చిందో, ఎన్ని గంటలకు వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. ఆ బాధ్యత ఒక యానాది అమ్మాయి తీసుకుంది. పిల్లలు నెల తిరక్కుండానే 50 నిమిషాల ఆలస్యాన్ని తామే పట్టుకున్నారు. అమావాస్యకు ఎర్ర గీత మునగడం, అష్టమికి దాని కింద ఆగిపోవడం వాళ్ల లెక్కల్లోనే తేలింది. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏళ్లు పారినప్పుడు నీరు రోజుల తరబడి పైగీతల్లోనే ఉండేది. అప్పుడు నోట్లో వేసుకుంటే నీరు చప్పగా ఉండేది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నాలుక చురుక్కుమనేది.

ఇదంతా జరగడానికి ఒకే ఒక్క షరతు ఉంది. సముద్రం లోపలికి రావడానికి దారి ఉండాలి. పేపర్లలో దాన్ని ముఖద్వారం అని రాస్తారు, తీరంలో మొగ అంటారు. పులికాట్‌కు దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర మొగలు ఉన్నాయి. పెద్ద సరస్సుకు ఇవి చిన్న కిటికీలు. అవి ఎప్పుడూ ఒకేలా ఉండవు. అలలు తీరానికి ఏటవాలుగా తగులుతాయి కాబట్టి ఇసుక తీరం వెంబడి నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం లెక్కేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మద్రాసు హార్బరు 19వ శతాబ్దం చివర కట్టినప్పుడు ఈ నడక ఆగి, దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచి వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. ఇలా నడిచే ఇసుక మొగ దగ్గరికి వచ్చేసరికి దాన్ని మూసేయాలని చూస్తుంది. లోపలికీ బయటికీ పారే నీరు ఆ ఇసుకను తోసేయాలని చూస్తుంది. మొగ తెరిచి ఉండడమంటే ఈ కుస్తీలో నీరు గెలుస్తూ ఉండడమే.

నడిచే దారిలో గడ్డి మొలవదంటారు. మొగ కూడా అంతే. ఎంత ఎక్కువ నీరు ఎక్కిదిగితే మొగ అంత శుభ్రంగా ఉంటుంది. సరస్సు పూడి లోతు తగ్గితే, లేదా మధ్యలో అడ్డుకట్ట పడితే, ఎక్కిదిగే నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే మొగలో ఇసుక మేట వేస్తుంది. మేట వేస్తే లోపలికి వచ్చే నీరు ఇంకా తగ్గుతుంది. చెరువు మొరవ దగ్గర పూడిక చేరితే ఏమవుతుందో రైతు బిడ్డలకు నేను చెప్పక్కర్లేదు. మంచి వరద వచ్చిన సంవత్సరం ఏటి నీరు లోపలి నుంచి తోసి మొగను తెరుస్తుంది. వరుసగా రెండేళ్లు వాన తప్పితే మూసుకుంటుంది.

మనిషి చేతులు కూడా ఈ సరస్సును చాలాసార్లు మార్చాయి. డచ్చివాళ్లు 1613లో పళవేర్కాడు దగ్గర గెల్డ్రియా కోట కట్టి, 1690 దాకా కోరమాండల్ తీరంలో దాన్నే తమ ముఖ్య స్థావరం చేసుకున్నారు. తర్వాత ఇంగ్లీషువాళ్ల కాలంలో బకింగ్‌హామ్ కాలువ వచ్చింది. 1876-78 నాటి కరువులో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే ఆ కరువులో, ఆకలితో ఉన్న కూలీల చేత ఆ కాలువ పని చేయించారు. దాని మీద ఉప్పు, శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసుకు పోయేవి. ఆ తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా కట్ట పోసి రోడ్డు వేశారు. ఆ రోడ్డు లేకపోతే అక్కడి నుంచి చంద్రయాన్ ఎగిరేది కాదు. దేశానికి అది గర్వకారణమే. కానీ ఆ కట్ట సరస్సును రెండుగా విడదీసింది. కింద తూములున్నా, ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య నీటి రాకపోకలు మునుపటిలా లేవు. ఉత్తర భాగం ఎండాకాలంలో ఎండిపోవడానికి ఇది ఒక కారణమని శాస్త్రజ్ఞులూ చెబుతారు, జాలర్లూ చెబుతారు.

మా కర్ర పాతిన మూడో ఏడాది ఆ సంగతి నా కళ్లతో చూశాను. వానలు సరిగా పడలేదు. జనవరి దాటాక గీతల మధ్య తేడా తగ్గుతూ వచ్చింది. ఫిబ్రవరిలో అమావాస్యకూ అష్టమికీ బెత్తెడు తేడా కూడా లేదు. మార్చిలో నోటుబుక్కులో వరుసగా పదకొండు రోజులు ఒకే గీత రాసి ఉంది. "సారూ, తప్పు రాస్తున్నానేమోనని రెండుసార్లు చూసి వచ్చినా" అంది ఆ అమ్మాయి. ఆమె రాసింది సరిగ్గానే ఉంది. మా వైపు మొగ మూసుకుపోయింది. నీరు దిగడమే తప్ప ఎక్కడం లేదు. ఏప్రిల్‌లో కర్ర మొదలు దాకా నేల పగిలింది. ఆ పగుళ్ల మీద తెల్లటి ఉప్పు. నిన్నటిదాకా పడవలు తిరిగిన చోట మోటారు సైకిళ్లు తిరిగాయి. గాలి వీస్తే ఉప్పు దుమ్ము కళ్లలో పడేది.

బురద ఎండితే మొదట పోయేది పీతలు, తర్వాత పక్షులు, ఆ తర్వాత మనుషులు. ఒక్కో ఇంటికీ తలుపుకు తాడు కట్టి ఇటుక బట్టీలకు, రొయ్యల గుంటల కాపలాకు, చెన్నై వైపు బిల్డింగు పనులకు వెళ్లిపోయారు. ముసలివాళ్లు మిగిలారు. నీరు ఉన్న చోటికే అందరూ చేరడంతో ఊరికీ ఊరికీ వలల దగ్గర తగాదాలు వచ్చాయి. నా తరగతి హాజరుపట్టీలో ముప్పై ఒక్క పేర్లుంటే బడికి వచ్చింది పద్నాలుగు మంది. నోటుబుక్కు రాసే అమ్మాయి కూడా ఒక సోమవారం నుంచి రాలేదు. వాళ్ల అమ్మానాన్నలతో ఇటుక బట్టీకి పోయిందని పక్కింటి పిల్లవాడు చెప్పి, నోటుబుక్కు తెచ్చి నా చేతికిచ్చాడు.

అప్పుడు నాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. మా నాన్న కూడా చెరకు నరకడానికి ఊళ్లు పట్టి తిరిగినవాడే. మా అమ్మానాన్నలు ఎక్కడ తిరిగినా నా ట్రంకు పెట్టె మాత్రం పూతలపట్టులో ఒకే గోడ పక్కన ఐదేళ్లు కదలకుండా ఉంది. అది కదిలి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నేనూ, మా హెడ్మాస్టరు గారూ ఆ బట్టీ దగ్గరికి పోయాము. వాళ్ల నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఆడపిల్లను ఎక్కడో వదిలిపెట్టి మేమెట్లా పనిచేసేది సారూ" అన్నాడు. వాళ్లమ్మే, "మన ఎనకాల తిప్పితే దాని బతుకూ ఇంతే గదా" అంది. జూన్‌లో ఆ అమ్మాయి బాలికల హాస్టల్‌లో చేరింది. తర్వాత డిగ్రీ దాకా చదివింది. అదే సంవత్సరం వెళ్లిపోయిన మిగతా పిల్లల్లో కొందరు మళ్లీ బడి ముఖం చూడలేదు. వాళ్ల పేర్లు కూడా నాకు గుర్తున్నాయి.

మొగ మూసుకుంటే ఇక అంతేనా? కాదు. మనుషులు చేసిన రెండు పనులు చెబుతాను. డచ్చివాళ్ల సొంత దేశంలోనే 1932లో జుయిడర్‌జీ అనే సముద్రపు పాయ నోటికి అడ్డంగా 30 కిలోమీటర్ల పైన పొడవున్న కట్ట కట్టి మూసేశారు. కొన్నేళ్లలో ఆ ఉప్పునీరు మంచినీటి సరస్సుగా మారింది. వరద బాధ తప్పింది, కొత్త పొలాలు వచ్చాయి. అక్కడి సముద్రపు చేపల వేట మాత్రం పోయింది. రెండోది మనకు దగ్గరిది. చిలికా సరస్సు మొగ పూడిపోయి చేపలు తగ్గి, 1993లో ప్రమాదంలో ఉన్న తడినేలల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. ఉప్పునీటి రాకపోకలు మొదలయ్యాయి, చేపలు, రొయ్యలు తిరిగి పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. పులికాట్ మొగల్లో పూడిక తీయాలని మన జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇందుకే. ఒకసారి తవ్వి వదిలేస్తే చాలదు. ఇసుక నడక ఆగదు కాబట్టి చూసుకుంటూ ఉండాలి.

ఇంకొక మార్పు నెమ్మదిగా వస్తోంది. 1993 నుంచి ఉపగ్రహాలతో సముద్ర మట్టాన్ని కొలుస్తున్నారు. అది సగటున ఏడాదికి 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. అలా కొలిచే ఉపగ్రహాల్లో ఒకటైన సరళ్, 2013 ఫిబ్రవరి 25న ఈ సరస్సు పక్కనున్న శ్రీహరికోట నుంచే ఎగిరింది. పర్రకు సముద్రంతో పాటు పైకి పెరిగే శక్తి ఉంది. కానీ అందుకు రెండు కావాలి. పైనుంచి ఒండ్రు రావాలి, వెనక్కి జరగడానికి జాగా ఉండాలి. వెనక రొయ్యల గుంటల గట్లు, రోడ్లు ఉంటే జరగలేదు. ఒండ్రు సంగతి మనకు సంబంధించింది. కృష్ణా, గోదావరి మీద కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోవడం వల్ల డెల్టాల అంచులు కోసుకుపోతున్నాయి. అరణి ఏటికి పిచ్చాటూరు దగ్గర జలాశయం ఉంది. స్వర్ణముఖిలో ఇసుకను లారీల కొద్దీ ఎత్తుకుపోవడం తిరుపతి వైపు ఎవరిని అడిగినా చెబుతారు. జలాశయాలు వద్దని నేననను. కరువు సీమ బిడ్డను, అలా ఎలా అంటాను? కానీ మన కొండ దగ్గర ఆపిన ప్రతి బుట్ట మట్టికీ, ఎత్తిన ప్రతి లారీ ఇసుకకూ తీరంలో ఒక లెక్క ఉంటుందని తెలిసి చేయాలి. ఏటికి వదిలే ప్లాస్టిక్ కవర్లకూ అదే వర్తిస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భూమి అంటే ఎప్పుడో తయారై ఆగిపోయిందని అనుకోకండి. అది ఇవాళ కూడా తయారవుతోంది, ఇవాళ కూడా పోతోంది. చూడాలంటే ఒక పూట బస్సు ప్రయాణం చాలు. వార్డెన్ గారిని అడిగి జనవరిలో ఒక ఎక్స్‌కర్షన్ పెట్టించుకోండి. పక్షుల్ని చూడండి, పక్షులతో పాటు బురదను కూడా చూడండి. తడ దగ్గర భీములవారిపాలెంలో పడవ ఎక్కితే ఇరకం దీవి చూడవచ్చు. పోలేనివాళ్లు మన ఊరి చెరువులోనే ఒక కర్ర పాతి ఏడాది పొడవునా నీటి మట్టం రాయండి. పైసా ఖర్చు లేదు. సైన్సు గ్రూపు తీసుకునేవాళ్లు ఇంజనీరింగు ఒక్కటే దారి అనుకోవద్దు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం, భూగోళ శాస్త్రం ఉన్నాయి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. ఈ సరస్సు గురించి నిర్ణయాలు జరిగే గదుల్లో మన హాస్టల్ పిల్లలు, ఆ ఒడ్డున పుట్టిన పిల్లలు కూర్చోవాలి.

ఆ ఎనిమిదో తరగతి నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. మొగ తెరుచుకున్న సంవత్సరం గీతలు ఎలా ఉన్నాయో, మూసుకున్న సంవత్సరం ఎలా ఉన్నాయో పక్కపక్కనే చూడవచ్చు. మీలో ఎవరైనా ఈ విషయం మీద చదువుకుంటామంటే, దాన్ని జిరాక్సు తీసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.